పాత క్యాబిన్ కింద కొత్త చాసిస్

అమెరికాలో పాత పికప్ ట్రక్కును బాగుచేయడానికి రెండు దారులున్నాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలాగే మళ్లీ నిలబెట్టడం ఒకటి. పైన కనిపించే రేకు పాతదే ఉంచి, కింద చాసిస్, ఇంజను, గేరుబాక్సు, బ్రేకులు ఈ కాలానివి బిగించడం రెండోది. ఈ రెండో పనిని అక్కడి షెడ్లలో రెస్టోమాడ్ అంటారు. ఇందుకు తరచుగా ఎంచుకునే బండ్లలో షెవ్రొలే 3100 ఒకటి. 1947 వేసవి నుంచి 1955 తొలి నెలల దాకా తయారైన ‘అడ్వాన్స్ డిజైన్’ వరసలో ఇది అరటన్ను పికప్. ఉబ్బెత్తు మడ్‌గార్డులు, గుండ్రటి బానెట్టు, కొన్ని బండ్లకు క్యాబిన్ వెనక మూలల్లో వంపు అద్దాలు. షెవ్రొలే పేరు మన రోడ్లకూ కొత్త కాదు. జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 దాకా బొంబాయిలోని శివడీలో ఆ బండ్లను బిగించి అమ్మింది.

ఈ ట్రక్కు పుట్టినప్పుడు అమెరికాలో ఇంటర్‌స్టేట్ రహదారులు లేవు. వాటికి చట్టం 1956లో వచ్చింది. 1953 దాకా 3100లో ఉన్నది 216 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను. మొదట్లో 3,300 చుట్ల దగ్గర 90 హార్స్‌పవర్ ఇచ్చేది. కనెక్టింగ్ రాడ్లకు పోతపోసిన బాబిట్ బేరింగులు. రాడ్డు అడుగున ఉన్న చిన్న గరిటె ఆయిల్ తొట్టిలోంచి నూనెను చిమ్ముకుంటూ తిరగాలి. వెనక ఇరుసు గేరు నిష్పత్తి 4.11. చక్రం ఎత్తు సుమారు 28 అంగుళాలు అనుకుని లెక్క కడితే, గంటకు 65 మైళ్ల వేగంలో, అంటే 105 కిలోమీటర్ల దగ్గర, ఇంజను 3,200 చుట్లు తిరగాల్సి వస్తుంది. మొత్తం శక్తిని ఇచ్చే అంచు అది. గంటల తరబడి ఆ అంచున నడిపితే బాబిట్ బేరింగులు తట్టుకోవు. ఊరి రోడ్ల మీద, పొలం గట్ల మీద 70 కిలోమీటర్ల వేగానికి చేసిన బండి అది. ఆ పనికి చక్కగా చేసిన బండే.

అసలు భయం ఇంజనుతో కాదు, బ్రేకులతో. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ల కింద, ఫ్లోరు అడుగున ఉంటుంది. నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే లైను. ఎక్కడ ఒక పైపు పగిలినా పెడలు నేలకు అంటుకుంటుంది, ఏ చక్రమూ ఆగదు. ముందు వైపు ఒకే కడ్డీ ఇరుసు, కింగ్ పిన్నులు, కమాను కట్టలు. ఒక చక్రం గుంతలో పడితే రెండోదీ ఒరుగుతుంది. చాలామంది కొత్త ఇంజను కోసం ఈ పనిలోకి దిగుతారు. కానీ రోజూ రోడ్డెక్కే బండికి కావలసింది ముందు ఆగడం, తరవాత తిరగడం, ఆ తరవాతే పరుగు. పని కూడా ఆ వరసలోనే సాగాలి.

చాసిస్ మార్పు అసలు ఎలా కుదురుతుందో తెలుగు పాఠకుడికి పెద్దగా చెప్పనక్కర్లేదు. లారీ చాసిస్‌ను కంపెనీ దగ్గర కొని, విజయవాడ ఆటోనగర్‌కు తోలుకొచ్చి, క్యాబిన్, తొట్టి కట్టించుకునే అలవాటు మనకు ఎప్పటినుంచో ఉంది. చాసిస్ వేరు, బాడీ వేరు. పాత అమెరికన్ పికప్‌దీ ఇదే తీరు. ముందు రేకులు ఒక ముక్క, క్యాబిన్ ఒక ముక్క, వెనక తొట్టి ఒక ముక్క. మూడూ నిచ్చెన లాంటి ఫ్రేము మీద బోల్టులతో నిలుస్తాయి. ఆ బోల్టులు విప్పితే మూడూ విడివిడిగా పైకి లేస్తాయి. తేడా ఒకటే. ఆటోనగర్‌లో చాసిస్ కొలతకు బాడీ కడతారు. ఇక్కడ బాడీ మారదు, దాని కొలతకు తగ్గ చాసిస్‌ను వెతకాలి.

వెతకడంలో మూడు మార్గాలు. పాత ఫ్రేమునే ఉంచి ముందు భాగం వరకు కోసి, 1974–78 నాటి ఫోర్డ్ మస్టాంగ్–2 తీరు సస్పెన్షన్‌ను వెల్డింగ్ చేయడం మొదటిది. ఈ ట్రక్కు కొలతలకే కొత్తగా చేసి అమ్మే చాసిస్ కొనడం రెండోది. ఖర్చు ఎక్కువ, తలనొప్పి తక్కువ. తుక్కుకు పోయే మరో పికప్ చాసిస్ తెచ్చి పాత బాడీ కిందికి తోయడం మూడోది. తక్కువ డబ్బుతో చేసుకునేవారు ఎక్కువగా ఈ మూడోదాన్నే పట్టుకుంటారు, షెవ్రొలే ఎస్–10 చాసిస్‌ను తెచ్చుకుంటారు. 1982 నుంచి 2004 దాకా అమ్ముడైన చిన్న పికప్ అది. ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగు అన్నీ దానితోనే వస్తాయి.

ఎస్–10నే పట్టుకోవడానికి అసలు కారణం వీల్‌బేస్. 3100కు ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 116 అంగుళాలు. పొడవు తొట్టి ఉన్న ఎస్–10కు 117.9. తేడా రెండంగుళాలకు ఓ పిసరు తక్కువ. కాగితం మీద అది పెద్ద లెక్క కాదనిపిస్తుంది. కానీ ఈ బండి అందమంతా మడ్‌గార్డు వంపులో ఉంది. ఆ వంపు నడిమధ్యన చక్రం కూర్చోకపోతే, కొలతలు తెలియని మనిషికి కూడా ఏదో తేడాగా ఉందని దూరం నుంచే అనిపిస్తుంది. ఏమిటో చెప్పలేడు, కానీ కన్ను అక్కడే ఆగుతుంది.

అందుకే ఈ పనిలో అన్నిటికంటే ఓపికగా చేయాల్సింది కొలత. చదునైన సిమెంటు గచ్చు మీద చాసిస్‌ను స్టాండ్ల మీద నిలబెట్టి, నాలుగు మూలలా మట్టం చూస్తారు. ఖాళీ చాసిస్ ఎత్తుగా నిలుస్తుంది, బరువు పడ్డాక దిగుతుంది. కనుక స్ప్రింగుల బదులు గట్టి కడ్డీలు పెట్టి, పూర్తయిన బండి ఏ ఎత్తులో నిలవాలో ఆ ఎత్తులోనే ఇరుసులను బిగించి ఉంచుతారు. ఆ తరవాత తాపీ మేస్త్రీల దగ్గరుండే తూకపు గుండు లాంటిదాన్ని మడ్‌గార్డు వంపు శిఖరం నుంచి వేలాడదీస్తారు. దారం ఊగడం ఆగాక గుండు మొన గచ్చు మీద ఎక్కడ చూపిస్తే అక్కడ సుద్దతో గుర్తు. చక్రం నడిమి నుంచి మరో దారం, మరో గుర్తు. రెండు గుర్తులూ ఒకటయ్యేదాకా క్యాబిన్‌ను అంగుళంలో ఎనిమిదో వంతు ముందుకు, పావంగుళం వెనక్కి జరుపుతూ ఉంటారు. ముందు చక్రం కుదిరాక ఆ రెండంగుళాల తేడా వెనక బయటపడుతుంది. కొందరు తొట్టిని వెనక్కి జరిపి సరిపెడతారు. అప్పుడు క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య సందు పెరిగి బండి రెండు ముక్కలుగా కనిపిస్తుంది. వెనక ఇరుసు కూర్చునే చోటును కమాను కట్టల మీద ముందుకు జరపడం కష్టమైన పని. అయినా సరైన పని అదే.

రెండో చిక్కు వెడల్పు. ఎస్–10 ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 3100 కంటే తక్కువ. ఉన్నవి ఉన్నట్టు బిగిస్తే చక్రాలు మడ్‌గార్డుల లోపలికి దాక్కుంటాయి, లావాటి మనిషి సన్న కాళ్ల మీద నిలబడ్డట్టు ఉంటుంది. హబ్బుకూ చక్రానికీ మధ్య స్పేసరు బిళ్లలు పెట్టడం సులువు మార్గం. బయటికి ఎక్కువ లోతు ఉండే రిమ్ములు వెతికి తెచ్చుకోవడం దానికంటే మేలు. బిగింపులో కీలు ఒకటి తగ్గితే, వదులయ్యే చోటు ఒకటి తగ్గినట్టే.

కొలత ఖాయమయ్యాకే వెల్డింగ్. పాత క్యాబిన్ కాళ్లు ఎస్–10 ఫ్రేము మీద ఉన్న చోట్లకు కలవవు. ఒక్కో కాలికీ దళసరి పలకతో కొత్త బ్రాకెట్టు చేసి, మధ్యలో రబ్బరు బుష్షు పెట్టాలి. ఫ్రేము రోడ్డు మీద కొద్దిగా మెలి తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు లేకుండా బిగిస్తే ఆ మెలి అంతా క్యాబిన్ మూలల్లోకి ఎక్కి, తలుపుల దగ్గర రేకు చీలుతుంది.

ఇప్పుడు ఇంజను. జనరల్ మోటార్స్ 1997 కార్వెట్‌తో తెచ్చిన ఎల్ఎస్ కుటుంబం ఈ పనికి దాదాపు రివాజు అయింది. దానిలోనే 1999 నుంచి పికప్‌లకు వచ్చిన 5.3 లీటర్ల వీ–8 తుక్కు యార్డుల్లో విరివిగా దొరుకుతుంది. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్లు. మొదట్లో 270, తరవాత 285, 295 హార్స్‌పవర్. పాత ఆరు సిలిండర్ల ఇంజనుకు ఇది మూడు రెట్లు. దాంతో పాటు 4ఎల్60ఈ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేరుబాక్సు. పై గేరు 0.70, వెనక ఇరుసు 3.42 అయితే, అదే 65 మైళ్ల దగ్గర ఇంజను దాదాపు 1,870 చుట్లే తిరుగుతుంది. పాత బండి అరిచిన చోట ఇది మాట్లాడుతుంది.

ఎస్–10కు ఫ్యాక్టరీ నుంచి వీ–8 ఎన్నడూ రాలేదు. అందువల్ల ఇంజను మౌంట్లకు అడాప్టరు పలకలు కావాలి. ట్రక్కు ఇంజను ఆయిల్ సంపు లోతుగా ఉండి అడ్డకమ్మీకి తగులుతుంది, లోతు తక్కువ సంపుకు మారాలి. ఎస్–10 చిన్న డిస్కులు చిన్న ఇంజనుకు చేసినవి. ఇంత శక్తి పెట్టినవారు పెద్ద డిస్కులు పెట్టకుండా రోడ్డెక్కడం సరికాదు. డబ్బు కుదరకపోతే చిన్న ఇంజను పెట్టుకోవచ్చు, చిన్న బ్రేకులు మాత్రం కుదరవు.

ఇంజను కూర్చోబెట్టేటప్పుడు చాలామంది పట్టించుకోని కొలత ఒకటుంది, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం. పాత 3100లో ఎక్కువ కాలం షాఫ్టు గొట్టం లోపలే తిరిగేది. ఇప్పుడు అది బయట, రెండు చివరలా క్రాసులతో ఉంటుంది. క్రాసు వంగి తిరిగేటప్పుడు దాని అవతలి షాఫ్టు ఒకే వేగంతో తిరగదు. ఒక్కో చుట్టుకు రెండుసార్లు వేగం పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. రెండో క్రాసు అంతే కోణంలో వంగి ఉంటే ఆ హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. కనుక గేరుబాక్సు వెనక్కి మూడు డిగ్రీలు వాలితే, ఇరుసు పినియన్ అంతే పైకి చూడాలి. రెండు గీతలూ సమాంతరం కావాలి. అలాగని కోణం పూర్తిగా సున్నా కారాదు. అప్పుడు క్రాసులోని సూది బేరింగులు ఉన్నచోటే ఉండిపోయి గుంటలు పడతాయి. ఈ లెక్క తప్పిన బండి వేగం అందుకోగానే సీటు కింద సన్నగా వణుకుతుంది. యజమాని టైర్లు మారుస్తాడు, బ్యాలెన్సింగు చేయిస్తాడు, వణుకు పోదు.

పెట్రోలు సంగతీ మారుతుంది. 1949 నుంచి ఈ ట్రక్కుల్లో ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనక ఉండేది. దాన్ని తీసి తొట్టి కింద, ఫ్రేము కమ్మీల మధ్య కొత్త ట్యాంకు పెట్టడం మొత్తం పనిలో ప్రాణానికి మేలు చేసే మార్పు. కార్బ్యురేటరుకు చాలిన కొద్దిపాటి ఒత్తిడి ఎల్ఎస్ ఇంజెక్టర్లకు చాలదు. 58 పీఎస్ఐ కావాలి. పంపు ట్యాంకు లోపలే ఉంటే పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది.

వైరింగు చూస్తే చాలామందికి గుండె జారుతుంది. ఆరు వోల్టుల బండి పన్నెండు వోల్టులకు మారుతుంది. ఇంజను తీసిన బండి తీగల కట్టలోంచి ఎయిర్‌బ్యాగు, దొంగతనం నిరోధక తాళం లాంటివాటి తీగలు తీసేయాలి. కంప్యూటరులోనూ ఆ తాళాన్ని ఆపేయాలి, లేదంటే స్టార్టరు తిరుగుతుంది గానీ ఇంజను అందుకోదు. అయితే ఎక్కువ బండ్లను ఆపేది కంప్యూటరు కాదు, ఎర్తు. ఇంజను రబ్బరు మౌంట్ల మీద, క్యాబిన్ రబ్బరు బుష్షుల మీద, అన్నిటి మీదా కొత్త పెయింటు. కరెంటు తిరిగి వెళ్లే దారే ఉండదు. ఇంజను నుంచి ఫ్రేముకు, ఫ్రేము నుంచి క్యాబిన్‌కు దళసరి తీగలు వేసి, వాటి కింద పెయింటును ఇనుము మెరిసేదాకా గీకాలి.

టింకరింగ్ పని తుప్పు ఎంతుంటే అంత. 3100లో తుప్పు ముందు తినేసేవి క్యాబిన్ కింది మూలలు, తలుపు కింది పట్టీలు. వాటిని కోసే ముందు తలుపు చట్రానికి అడ్డంగా కడ్డీలు వెల్డు చేసుకోవాలి, లేకపోతే క్యాబిన్ ఒరిగి ఆ తలుపు ఇక పడదు. పెయింటు విషయంలో రెండు వర్గాలున్నాయి. అద్దంలా మెరిపించేవారు, డెబ్బై ఏళ్ల ఎండకు వెలసిన రంగును అలాగే ఉంచి పైన పారదర్శక పూత వేసేవారు. వెలసిన తలుపు మీద ఏదో పాత దుకాణం పేరు ఇంకా చదవ వస్తుంటే, దాన్ని పుట్టీతో పూడ్చడానికి చేయి రాకూడదు. అలాగే సొంత ఇంజను, సొంత చాసిస్ చెక్కుచెదరకుండా ఉన్న 3100ను ఈ పనికి తేకూడదు. ఇంజను ఎప్పుడో పోయి, ఫ్రేము తుప్పుపట్టి, పొలంలో పడి ఉన్న బండికే ఇది న్యాయం.

రిజిస్ట్రేషన్ సంగతి పని మొదలు కాకముందే తేల్చుకోవాలి. 3100 నంబరు పలక డ్రైవరు వైపు తలుపు స్తంభం మీద, అంటే క్యాబిన్ మీద ఉంటుంది. ఎస్–10 చాసిస్‌కు వేరే నంబరు. ఏ నంబరుతో బండిని గుర్తించాలన్నది అమెరికాలో రాష్ట్రానికో తీరు. భారత్‌లో రెస్టోమాడ్ దారి మూసుకున్నట్టే. కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు దాన్ని బలపరిచింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు దొరుకుతుంది. కానీ చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పు చేసి ఉంటే ఆ నంబరు రాదు. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో పాత బండిని ప్రేమించేవారికి మిగిలేది మొదటి దారే, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తీరులో నిలబెట్టడం.

బండి పూర్తయ్యాక మొదటి పరుగు ఖాళీ స్థలంలో, నడక వేగంతో, బ్రేకుల కోసమే. పెడలు గట్టిగా ఉందా, బండి ఏ పక్కకైనా లాగుతోందా, వెనక చక్రాలు ముందుగా పట్టేస్తున్నాయా అని చూస్తారు. వెనకవి ముందు పట్టేస్తే తోక తిరుగుతుంది. వెనక లైనులో ఉన్న వాల్వును తిప్పి ఒత్తిడి తగ్గిస్తారు. తరవాత చక్రాల అలైన్‌మెంటు. ఓ వంద మైళ్లు తిరిగాక బండిని మళ్లీ స్టాండ్ల మీదికి ఎత్తి, క్యాబిన్ కాళ్లు, ఇంజను మౌంట్లు, ఇరుసు యూ–బోల్టులు, చక్రాల నట్లు వరసగా టార్కు పానాతో బిగిస్తారు. రబ్బరు కూర్చున్న కొద్దీ బోల్టు ఒకటి రెండు మరలు లోపలికి వెళుతుంది. బిగించిన ప్రతి నట్టు మీదా, బోల్టు మీదా కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీస్తారు. తరవాతిసారి కిందికి దూరి చూసినప్పుడు ఆ గీత విరిగి ఉంటే, అక్కడ నట్టు కదిలిందని తెలుస్తుంది.