కేరీ లీ వెండి

బంగారంలా మెరిసే వెండిని 1889లో ఫిలడెల్ఫియాలో ఒకాయన ఇంట్లో తయారుచేశారు. పైపూత వేయలేదు, బంగారం రవ్వంత కూడా కలపలేదు. ఆయన పేరు మాథ్యూ కేరీ లీ. ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యులు కారు. ఫోటోగ్రఫీ రసాయనాలతో ఏళ్ల తరబడి కుస్తీపట్టి, వెండి లవణాల స్వభావం ఆనుపానులతో సహా ఎరిగిన మనిషి. ఆ ఏడాది అమెరికన్ జర్నల్ ఆఫ్ సైన్స్‌లో ఆయన రాసిన వ్యాసాల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది చేతిపని.

ముందు అన్నభేది ద్రావణంలో సోడియం సిట్రేట్ కలుపుతారు. దాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో పోస్తారు. అన్నభేదిలోని ఇనుము వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇచ్చి వాటిని లోహంగా మారుస్తుంది. సిట్రేట్ లేకపోతే బూడిదరంగు మడ్డి దిగి కథ అక్కడితో అయిపోయేది. అది ఉండటం వల్ల వంగపూవు రంగు అవక్షేపం దిగుతుంది. దాన్ని శుభ్రమైన నీళ్లలో వేస్తే ఇట్టే కలిసిపోయి, నీళ్లు నెత్తురులా ఎర్రబడతాయి.

ఇక్కడే చిక్కుంది. మిగిలిన ఇనుము పోవాలంటే అవక్షేపాన్ని కడగాలి, మంచినీళ్లతో కడిగితే వెండి కూడా వడపోత కాగితంలోంచి జారిపోతుంది. లీ అమ్మోనియం నైట్రేట్ కలిపిన నీళ్లతో కడిగారు. లవణం ఉన్నంతసేపూ వెండి కాగితం మీదే నిలిచింది. కారణం అప్పటికి ఎవరికీ తెలియదు, ఆయన చెయ్యి మాత్రం దారి కనిపెట్టింది.

కారణం ఇది. ఆ నీళ్లలో వెండి నిజంగా కరగలేదు. మీటరులో వందకోట్లో వంతును నానోమీటరు అంటాం, అలాంటివి కొన్ని మాత్రమే వెడల్పున్న రేణువులుగా తేలుతోంది. ప్రతి రేణువునూ సిట్రేట్ అయాన్లు అంటిపెట్టుకుని రుణావేశం ఇస్తాయి, దాంతో రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. లవణం ఎక్కువైతే ఆ ఆవేశం మరుగునపడి రేణువులు గుమికూడతాయి, లవణం తగ్గగానే మళ్లీ విడిపోతాయి. లీ ఎంత కడిగినా కాస్త సిట్రేట్ మిగిలే ఉండేది. ఆయన దాన్ని మలినం అనుకున్నారు. వెండిని నిలబెట్టింది ఆ మలినమే.

రంగు కూడా పరిమాణం వల్లే వచ్చింది. ఇంత చిన్న వెండి రేణువులోని ఎలక్ట్రాన్లు వెలుగుతోపాటు ఊగుతూ, 400 నానోమీటర్ల దగ్గరి ఊదా కాంతిని మింగేస్తాయి. పలచని ద్రావణం అందుకే పసుపుగా కనిపిస్తుంది, చిక్కబడేకొద్దీ ఎర్రబారుతుంది.

సిట్రేట్ బదులు రోషెల్ లవణం వాడితే వచ్చేదే బంగారపు వెండి. గాజుపలక మీద పూసి ఆరబెడితే మెరుగుపెట్టిన బంగారమే. గట్టిగా ఒత్తితే మాత్రం ఆ చోట తెల్లబడి మామూలు వెండి బయటపడుతుంది. ఇది వెండికి ఉన్న మరో రూపమని లీ నమ్మారు. ఆ సిద్ధాంతం నిలవలేదు. తాను చూసిన ప్రతి రంగునూ తడిగా ఉన్నప్పుడు ఎలా ఉందో, ఆరాక ఎలా మారిందో విడివిడిగా రాసిపెట్టారు కనుక పని నిలిచింది.

ఇప్పుడు ఇళ్లలో రెండు వెండి కడ్డీలకు బ్యాటరీ తగిలించి చేసే ‘కొలాయిడల్ సిల్వర్’ పక్కన దీన్ని పెట్టి చూస్తే మనసు చివుక్కుమంటుంది. రంగులేకుండా తేటగా ఉండే ఆ నీళ్లలో చాలావరకు ఉండేది వెండి అయాన్లే. దాన్ని సర్వరోగ నివారిణిగా తాగేవాళ్లున్నారు. అలా ఏళ్ల తరబడి తాగితే ఒంట్లో వెండి పేరుకుని చర్మం నీలిబూడిద రంగుకు మారవచ్చు, ఆ రంగు మళ్లీ పోదు. మందుల దుకాణాల్లో చీటీ లేకుండా అమ్మే ఇలాంటి వెండి మందులకు సురక్షితమని, పనిచేస్తాయని గుర్తింపు లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1999లోనే తేల్చిచెప్పింది.

లీ 1897లో కన్నుమూశారు. 1969లో ఫ్రెన్స్, ఓవర్‌బీక్ అనే శాస్త్రవేత్తలు కొలాయిడ్లు, అంటే ఇలా నీళ్లలో తేలే సూక్ష్మ రేణువులు, ఎందుకు గడ్డకడతాయో, ఎందుకు విడిపోతాయో పరిశీలించడానికి మళ్లీ ఆ వెండినే చేసుకున్నారు. వాళ్ల వ్యాసానికి పెట్టుకున్న పేరు కూడా కేరీ లీ కొలాయిడ్ వెండి అనే.