ఫ్రేమును అడిగి చూశాను

మొన్న జులైలో నా సైకిలు సీటు కిందికి దించబోతే దిగలేదు. మా మేనల్లుడికి ఒక పూట ఇవ్వాల్సి వచ్చింది. వాడు నాకంటే పొట్టి, రెండంగుళాలు దించితే సరిపోతుంది. బోల్టు వదులు చేసి, సీటు పట్టుకుని తిప్పాను. సీటుతో పాటు సైకిలంతా తిరిగింది కానీ, రాడ్డు మాత్రం ఫ్రేములోంచి వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

విశాఖ కంచరపాలెంలో నేను ఏళ్ల తరబడి వెళ్లే షాపుకి నడిపించుకుపోయాను. అక్కడి పెద్దాయన్ని మేమంతా బాబాయ్ అనే పిలుస్తాం. ఆయన రాడ్డు చుట్టూ వేలు తిప్పి చూసి, "రాడ్డు అల్యూమినియం, ఫ్రేము ఇనుము. మన ఊరి ఉప్పుగాలికి రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి బాబూ. ఆఖరుసారి దీన్ని ఎప్పుడు తీసేవు?" అన్నారు. నాకు గుర్తులేదు. గుర్తులేనంత కాలమైందంటే తప్పు నాదే.

వేడి పెడితే వదులుతుందేమో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "వేడికి ఇనుము కంటే అల్యూమినియం ఎక్కువ ఉబ్బుతాది. ఇంకా బిగుస్తాది. సల్లబెట్టాల." మాట నిజం. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. తుప్పు వదిలించే నూనె కీళ్లలో పోసి రాత్రంతా ఉంచారు. మర్నాడు పొద్దున్న ఐసు ముక్కలు మూటగట్టి రాడ్డు చుట్టూ పట్టించారు. తర్వాత సీటు ఊడదీసి, సైకిల్ని తలకిందులు చేసి, రాడ్డు కొసని బెంచి వైసులో బిగించి, ఫ్రేమునే రెండు చేతులా పట్టి మెల్లగా తిప్పారు. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారీ అంతే. మూడోసారి లోపల్నుంచి కిర్రుమని ఒక మూలుగు వినబడింది. అరంగుళం తిప్పడం, నూనె పోయడం, వెనక్కి తిప్పడం, మళ్లీ నూనె. ముప్పావుగంటకి రాడ్డు బయటికొచ్చింది. దాని నిండా సున్నం లాంటి తెల్లటి పొడి. ఫ్రేము లోపల ఎర్రటి తుప్పు.

ఇదంతా పక్కన నిలబడి చూసిన మేనల్లుడు, "ఇంత అవస్థ ఎందుకు మావయ్యా, కొత్తది కొనేయ్" అన్నాడు. వాడి ప్రశ్న తేలిగ్గా తీసేయదగ్గది కాదు. పాత మౌంటెన్ బైకు ఉన్న ప్రతివాళ్లకీ ఏదో ఒక రోజు ఇది ఎదురవుతుంది. బాగుచేయించి, మంచి సామాన్లు వేయించుకోవాలా, వదిలేసి కొత్తది తెచ్చుకోవాలా? నెల రోజులు ఆలోచించాను. ముందు సమాధానం చెప్పాల్సింది నా జేబూ నా మనసూ కాదని, ఫ్రేము అని నాకు అర్థమైంది.

నా సైకిలు 2008 నాటిది. 26 అంగుళాల చక్రాలు, ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఎనిమిది, రిమ్మును పట్టుకునే వీ-బ్రేకులు. అప్పట్లో మౌంటెన్ బైకులు చాలామటుకు 26 అంగుళాలే. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా కనబడేవి 29, 27.5. మేనల్లుడి కొత్త 29 పక్కన పెట్టి, టేపు తీసుకుని కూర్చున్నాం. నా ఫ్రేము మెడ గొట్టంలో పైనుంచి కింది దాకా ఒకే లావు రాడ్డు పడుతుంది, అంగుళం మీద ఎనిమిదో వంతు. నేటి మంచి షాక్ ఫోర్కులు చాలావాటికి రాడ్డు కింద లావెక్కి అంగుళంన్నర అవుతుంది, అది నా ఫ్రేములో దూరదు. వెనక చక్రం కూర్చునే చోటు నాకు 135 మిల్లీమీటర్లు, వాడికి 148. డిస్క్ బ్రేకు బిగించే చెవులు నా ఫ్రేముకి లేనే లేవు. ఉన్నాయనుకున్నా పని తీరదు. డిస్కు కూర్చునే హబ్బు కావాలి, అంటే చక్రాలు మార్చాలి, ముందు ఫోర్కూ మార్చాలి. బ్రేకు మార్చుదామని బయల్దేరిన మనిషి సగం సైకిలు కొని ఇంటికొస్తాడు.

షాక్ ఫోర్కు మీద చాలామందికి మోజు. పాత ఫ్రేముకి 80 మిల్లీమీటర్లు కుంగే ఫోర్కు తీసేసి 120 ది వేస్తే కొండల్ని మింగేస్తుందనుకుంటారు. ఫోర్కు పొడవు 20 మిల్లీమీటర్లు పెరిగితే ముందు భాగం లేచి, మెడ వాలు ఇంచుమించు ఒక డిగ్రీ మారుతుంది. పొడవు 40 పెరిగితే రెండు డిగ్రీలు. ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది, ఫ్రేము మెడ దగ్గరి అతుకు మీద లెక్కకి మించిన బరువు పడుతుంది. నా మటుకు నేను, పాత సైకిలుకి పొడవాటి ఫోర్కు వేయించొద్దనే అంటాను.

మరి కొత్త సైకిల్లో నిజంగా కొత్తదేమిటి? గేర్లు అనుకుంటారు. లెక్క కడితే నాకే ఆశ్చర్యం వేసింది. నా సైకిల్లో అన్నింటికన్నా తేలికైన గేరు ముందు 22 పళ్లు, వెనక 32. వాడిది ముందు 32, వెనక 51. చక్రం సైజు కూడా కలిపి చూస్తే, పెడల్ ఒక చుట్టు తిరిగితే నాదీ వాడిదీ ముందుకెళ్లేది దాదాపు ఒకే దూరం, మీటరున్నరకి కాస్త తక్కువ. సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కడానికి పన్నెండు గేర్ల కొత్త సైకిలు నాకు అదనంగా ఇచ్చే తేలిక ఏమీ లేదు.

అసలు తేడా ఫ్రేము నిర్మాణంలో ఉంది. పాత సైకిల్లో మెడ నిటారుగా, సుమారు 71 డిగ్రీలు. నేటి ట్రైల్ సైకిళ్లలో 65, 66. ఫ్రేము పొడవు, చక్రం పెద్దది. రాళ్ల దిగుడులో మనిషి ముందుకి పల్టీ కొట్టకుండా కాపాడేవి ఇవే. వీటిని ఏ షాపూ పాత ఫ్రేముకి తగిలించలేదు. మేనల్లుడు సెలవులకి అరకు వైపు మట్టిదారుల్లో దిగుతాడు, వాడికి కొత్త సైకిలే సరైనది. ఆ 29 కి ముందు వాడు తొక్కిన పాత అల్యూమినియం సైకిలు మెడ కింద అతుకు పక్కన దుమ్ము తుడిస్తే, వెంట్రుకంత గీత కనబడింది. రంగు పగులేమో అనుకున్నాం. గోరు పెట్టి గీస్తే గోరు పట్టుకుంది. వెల్డింగు చేయిద్దామా అన్నాడు. అల్యూమినియం ఫ్రేముకి బలం వచ్చేది వేడిచేసి చల్లార్చే ప్రక్రియతో. మళ్లీ నిప్పు తగిలితే అతుకు చుట్టూ ఆ బలం పోతుంది. ఆ సైకిల్ని ఆ రోజే పక్కన పెట్టించాను. పగిలిన ఫ్రేము విషయంలో మొహమాటం పనికిరాదు.

మౌంటెన్ బైకు పుట్టింది కూడా ఇలాగే. 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు 1930లు, 40ల నాటి పాత ష్విన్ సైకిళ్లు ఏరుకొచ్చి, గేర్లూ పెద్ద బ్రేకులూ తగిలించి కొండ మీంచి దిగేవాళ్లు. 1976లో మొదలైన వాళ్ల పందేనికి పేరు రీప్యాక్. దిగేసరికి వెనక హబ్బులోని బ్రేకు వేడెక్కి గ్రీజంతా కాలిపోయేది, మళ్లీ గ్రీజు నింపితేనే మరో పరుగు. అందుకే ఆ పేరు. పాత సైకిలుకి వేయగలిగినవన్నీ వేశారు. చివరికి ఆ ఫ్రేములే దెబ్బలకి తట్టుకోలేక విరగసాగాయి. అప్పుడు, 1977లో, జో బ్రీజ్ కొండ కోసమే కొత్త ఫ్రేము కట్టాడు. ఫ్రేము చేతులెత్తేసేదాకా పాతదే వాడారు, చేతులెత్తేశాక ఆగలేదు.

నా ఫ్రేము ఇంకా చేతులెత్తేయలేదు. నేను తిరిగేది బీచ్ రోడ్డు మీదుగా భీమిలి, ఆదివారం ఒకసారి సింహాచలం ఘాట్, అప్పుడప్పుడు తొట్లకొండ. నా ఎత్తుకి సైజు అచ్చంగా కుదిరింది. బాబాయ్ చిన్న టార్చి వేసి గొట్టంలోకి చూసి, గోడకి గట్టిదనం ఉందన్నారు. వాడుకుంటాననే తేల్చుకున్నాను.

తర్వాత డబ్బు ఎక్కడ పెట్టాలన్నది. ముందు చైను కొలిచాం. పన్నెండు పూర్తి లింకులు కొత్తలో సరిగ్గా పన్నెండు అంగుళాలు ఉంటాయి. అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు సాగితే వెనక పళ్లు కూడా అరిగిపోయినట్టే. నాది ఎనిమిదో వంతు దాటింది, రెండూ మార్చాను. వీ-బ్రేకు ఏళ్ల తరబడి రుద్ది రుద్ది వెనక రిమ్ము పక్కగోడ లోపలికి పల్లమైంది. గాలి నిండుగా కొడితే ఆ గోడ ఒక రోజు చీలిపోతుంది. కాబట్టి వెనక రిమ్ము కొత్తది, మంచి బ్రేకు దిమ్మలు, కొత్త కేబుళ్లు. ఇంత చేశాక వీ-బ్రేకు వానలో కాకపోయినా, పొడిరోడ్డు మీద నాకు చాలినంత పట్టు ఇస్తోంది.

టైర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. 26 అంటే ఒకటే 26 కాదు. మౌంటెన్ బైకు 26 రిమ్ము 559 మిల్లీమీటర్లు, మన పాత లేడీస్ సైకిళ్లకి వచ్చే 26 x 1 3/8 టైరుకి 590. రెండోది ఇచ్చేస్తే ఇంటికొచ్చాక పట్టదు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే 559 అన్న అంకె చూసి తెచ్చుకున్నాను. రోడ్డుకి తగ్గట్టు మధ్యలో నున్నగా, అంచుల్లో గీతలున్నవి. ఆ టైర్లు ఎక్కించిన పొద్దున్న భీమిలి దారిలో కలిగిన తేడా, పెట్టిన మొత్తం ఖర్చులో ఇంకెక్కడా కలగలేదు.

పెడళ్లు, సీటు మంచివి కొన్నాను. పెడల్ మర 2008లోనూ 9/16 అంగుళమే, ఇప్పుడూ అంతే. రేపు ఫ్రేము మారినా ఇవి వెంట వస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. విడి సామాన్లకీ అదే తగ్గింపు గనక, ఆ లెక్కతో ఒకవైపు మొగ్గాల్సిన పని లేదు. బిల్లు అదే తరగతి కొత్త సైకిలు ధరలో సగం దాటితే ఆగుదామనుకున్నాను. దాటలేదు.

ఓవరాయిలింగ్ పూర్తయిన సాయంత్రం బాబాయ్ కొత్త సీటు రాడ్డు చేతికిచ్చి, గ్రీజు డబ్బా నా ముందుకి తోశారు. "నువ్వే పుయ్యి బాబూ. నేను పూస్తే నీకు గుర్తుండదు." గొట్టం లోపల వేలితోనూ, రాడ్డు చుట్టూ అరచేతితోనూ పూశాను. నల్ల టేపు ముక్క ఒకటి నా ఎత్తు దగ్గర చుట్టాను, మరొకటి రెండంగుళాలు పైన, మేనల్లుడి కోసం. ప్రతి వానాకాలానికి ముందూ తర్వాతా రాడ్డు బయటికి తీసి తుడవాలని క్యాలెండర్లో రాసి పెట్టుకున్నాను.