ఇంటర్వెల్‌లో బటాటా వడ

మరాఠీ నాటకాల ప్రకటనల్లో తరచూ కనిపించే మాట ఒకటుంది: "దోన్ అంకీ నాటక్". అంటే రెండంకాల నాటకం. కథేమిటో చెప్పకపోయినా ఈ సంగతి మాత్రం చెబుతారు. ఎందుకు చెబుతారో ఆ నాటకాన్ని పుస్తకంగా చదివితే తెలీదు. ముంబై వెళ్ళి, దాదర్ శివాజీ మందిర్‌లో టికెట్ కొనుక్కుని, మొదటి అంకం అయ్యాక జనంతో పాటు క్యాంటీన్ వైపు నడిస్తే తెలుస్తుంది. ఆ మాటలో మధ్యలో ఒక విరామం ఉందన్న హామీ ఉంది. ఆ విరామంలో వేడి వేడి బటాటా వడ ఉంటుంది. నాటకం రాసినవాడికి ఆ వడ సంగతి ముందే తెలుసు.

నాటకాల కోసమే ఒక ఊరు వెళ్ళడం మనలో చాలామందికి అలవాటు లేని పని. సాహిత్య సభలకి వెళ్తాం, బుక్ ఫెయిర్‌కి వెళ్తాం. నాటకానికి రైలెక్కడం అంటే ఇంట్లో కూడా వింతగా చూస్తారు. నేను 2019 నుంచి వీలైనప్పుడల్లా ఒక వారాంతం ముంబైలో ఇలా గడుపుతున్నాను. నాది ఆదిలాబాద్ వైపు కావడం వల్ల మరాఠీ నా చెవికి కొత్త కాదు. సగం అర్థమవుతుంది, మిగతా సగం నటీనటుల ముఖాల్లో దొరుకుతుంది. శుక్రవారం మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేలోపు ముంబై. ప్లాన్ వేసే వరస మాత్రం మామూలు టూరుకి తలకిందులు. ముందు నాటకాలు, తర్వాత వాటి మధ్య ఖాళీలు, ఆ ఖాళీల్లో తిండి, చివరాఖరికి రూము. ఎక్సెల్ షీట్ వేసుకుంటానని మా టీమ్‌లో వాళ్ళు నవ్వుతారు గానీ, నాటకం సినిమా కాదు కదా. ఈ షో పోతే పక్క థియేటర్లో ఇంకోటి ఉండదు.

ఇలా తిరగడంలో నాకు అర్థమైన విషయం ఒకటే. ఒక నాటకశాల పక్కన ఏం తింటారు, ఎప్పుడు తింటారు అన్నది ఆ నాటకం ఆకారంలోకి వెళ్ళిపోతుంది. ఇది తిండిపోతు మాటలా ఉందని తెలుసు. కొంచెం ఓపిక పట్టండి.

ముందు దాదర్ సంగతి. శివాజీ మందిర్ 1965 నుంచీ ఉంది. మరాఠీ వ్యాపార నాటకానికి పుట్టిల్లు లాంటిది. వ్యాపారం అనే మాట ఇక్కడ తిట్టు కాదు. నిర్మాత డబ్బు పెడతాడు, ప్రేక్షకుడు టికెట్ కొంటాడు, నచ్చితే వందల ప్రదర్శనలు నడుస్తుంది. 2022 నవంబరులో ప్రశాంత్ దామ్లే తన 12,500వ ప్రదర్శన ఆడారు. ఒక్క నటుడి లెక్క అది. సర్కారు గ్రాంట్లతోనో, పోటీల బహుమతులతోనో వచ్చే అంకె కాదు. సాయంత్రం నాలుగింటి ఆటకి వచ్చే జనాన్ని చూడండి. మధ్యాహ్నం భోంచేసి, కాస్త కునుకు తీసి, ఇస్త్రీ చీరలు కట్టుకుని వచ్చిన పెద్దవాళ్ళు. చీకటి పడేసరికి లోకల్ పట్టుకుని ఇంటికి చేరతారు. రాత్రి ఆటకి వచ్చేవాళ్ళు వేరు. ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు అయిపోతుందో అందరికీ తెలుసు. మొత్తం రెండున్నర గంటల వ్యవహారం అనుకుంటే, సరిగ్గా నడుమ ఆ వడ.

అక్కడే నేను 'సంగీత్ దేవబాభళీ' చూశాను, 2019లో. ప్రాజక్త్ దేశ్‌ముఖ్ రాసి, దర్శకత్వం వహించిన నాటకం. 2017 చివర్లో మొదలై 2023 నవంబరులో 500వ ప్రదర్శనకి చేరింది. రంగం మీద ఇద్దరే ఆడవాళ్ళు. ఒకరు తుకారాం భార్య ఆవలి. ఇంకొకరు లఖుబాయి పేరుతో పనిమనిషిలా వచ్చిన రుక్మిణి, అంటే సాక్షాత్తూ విఠోబా భార్య. కొండమీద భజనలో మునిగిపోయిన మొగుడికి అన్నం పట్టుకెళ్తుంటే ఆవలి కాల్లో ముల్లు గుచ్చుకుంటుంది. ఆమె గర్భిణి. దేవుడే వచ్చి ముల్లు తీసి, ఆమెని చూసుకొమ్మని భార్యని పంపిస్తాడు. బాభళ్ అంటే మన తుమ్మచెట్టు. మొత్తం కథ ఒక అన్నం మూట దగ్గర మొదలవుతుందన్నమాట.

మనకి తెలిసిన తుకారాం వేరు. 1973 నాటి 'భక్త తుకారాం' సినిమా చూసిన ఇళ్ళలో ఆ సంసారం గుర్తుండేది భక్తుడి వైపు నుంచే. భక్తుడి పెళ్ళాం అంటే గయ్యాళి అయి తీరాలన్నది భక్తికథల రివాజు. ఈ నాటకం ఆ గయ్యాళితనాన్ని లెక్కల పుస్తకంలా తెరిచి చూపిస్తుంది. ఇంట్లో గింజలెన్ని, తినే నోళ్ళెన్ని, కొండ ఎంత దూరం. ఆవలి దేవుణ్ణి తిడుతుంటే వింటున్నది ఆ దేవుడి భార్యేనని మనకి తెలుసు, ఆవలికి తెలీదు. పైగా ఆ భార్యకీ మొగుడి మీద తీరని కోపమొకటి ఉంది. నాటకీయత అంతా ఈ ఒక్క ఏర్పాటులోంచే పుడుతుంది. కొన్నిచోట్ల పాట వచ్చి వాదనని మెత్తబరిచేస్తుంది, ఇంకాస్త గట్టిగా కొట్లాడుకుంటే బాగుండేదనిపించింది నాకు. కానీ ఇద్దరాడవాళ్ళ మధ్య లెక్క తేలకుండానే లైట్లు వెలిగి ఇంటర్వెల్ ఇచ్చినప్పుడు ఏం జరిగిందో చూడాలి.

క్యాంటీన్ ముందు జనం. మన ఆలూ బోండాకి దగ్గరి చుట్టమే బటాటా వడ. కాకపోతే లోపల వెల్లుల్లి ఘాటు, పక్కన చట్నీ. నా ముందు ఇద్దరు పెద్దావిడలు వరసలో నిలబడి ఆవలి చేసింది న్యాయమేనా అని తగువు పడుతున్నారు. "అంత బరువు మనిషి కొండెక్కాలా? ఆకలేస్తే ఆయనే దిగొస్తాడు" అని ఒకావిడ. "దిగడని తెలుసు కనకే వెళ్ళింది" అని రెండో ఆవిడ. చేతిలో కాగితం ప్లేటు, నోట్లో వేడి వడ. వాళ్ళు మాట్లాడుతున్నది వంట చేసి ఎదురుచూడ్డం గురించి, బహుశా అరవయ్యేళ్ళ అనుభవంతో. రెండో అంకంలో లోపలికి వెళ్ళి కూర్చున్న ప్రేక్షకులు మొదటి అంకంలో కూర్చున్నవాళ్ళు కాదు. ఆ పదిహేను నిమిషాల్లో నాటకం వాళ్ళ ఇళ్ళలోకి వెళ్ళి వచ్చింది. మొదటి అంకాన్ని ఎక్కడ ఆపాలన్నది రచయితకి చేతి నైపుణ్యం మాత్రమే కాదు, ఆ వరసలో ఏ ప్రశ్న నలగాలో నిర్ణయించడం కూడా. రెండంకాల నాటకానికి ఇంకో అంకం ఉంది. అది క్యాంటీన్ దగ్గర నడుస్తుంది.

అందుకే ఒక ఆచరణాత్మకమైన మాట. దాదర్‌లో నాలుగింటి ఆట పెట్టుకుంటే మధ్యాహ్నం కడుపు నిండా తినకండి. సేనా భవన్ దగ్గర 'ప్రకాశ్'లో సాబుదానా వడ, ఒక గ్లాసు పీయూష్ చాలు. పీయూష్ అంటే శ్రీఖండ్‌ని పల్చగా చేసి తాగుతున్నట్టుంటుంది. 'ఆస్వాద్' మిసల్ మంచిదే, పేరున్నదే, కానీ అది తిని వెళ్తే మొదటి అంకంలో నిద్ర ఖాయం. దాన్ని మర్నాడు పొద్దుటికి ఉంచుకోండి.

జుహూలో లెక్క వేరు. పృథ్వీ థియేటర్‌ని శశి కపూర్, జెన్నిఫర్ కపూర్ 1978 నవంబరు 5న తెరిచారు. రెండొందలకి అటూ ఇటూగా సీట్లు, మూడు వైపులా ప్రేక్షకులు. నటుడి చెమట కనిపించేంత దగ్గర. సీటు నంబర్లుండవు, ముందొచ్చినవాళ్ళకి ముందు. ఆలస్యంగా వస్తే లోపలికి పంపరు. అంచేత అందరూ ముందే వస్తారు, వచ్చి కేఫ్‌లో కూర్చుంటారు. సులేమానీ చాయ్, పరాఠా, ఇక్కడ పేరుపడ్డ ఐరిష్ కాఫీ. నేను చూసినవాటిలో ఎక్కువ నాటకాలకి విరామం లేదు. గంటన్నరలో ఊపిరి బిగపట్టి అయిపోతాయి. తిండి ముందూ వెనకా ఉంటుందే తప్ప మధ్యలో దూరదు.

దీనివల్ల నాటకం బిగువుగా ఉంటుంది, నిజమే. ఒక పోగొట్టుకోవడం కూడా ఉంది. పృథ్వీలో నాటకం గురించిన మాటలు నాటకం మొత్తం అయ్యాకే మొదలవుతాయి. అప్పటికి తీర్పు సిద్ధమైపోయి ఉంటుంది. "బావుంది", "యాక్టింగ్ అదిరింది", "సెకండ్ హాఫ్ లాగ్" లాంటివి. సెకండ్ హాఫే లేని నాటకానికి కూడా ఆ మాట విన్నాను. పాత్ర చేసింది న్యాయమేనా అన్న తగువు తక్కువ, నటుడు ఎలా చేశాడన్న ముచ్చట ఎక్కువ. చుట్టుపక్కల బల్లల మీద సగంమంది సినిమా అవకాశాల కోసం తిరిగే కుర్రాళ్ళని కూడా గుర్తుపెట్టుకోవాలి. వాళ్ళకి నాటకం ఒక తరగతి గది. అయినా నాకు పృథ్వీ ఇష్టం. దాదర్‌లో నాలుగింటి ఆట అయ్యాక పశ్చిమ లైన్‌లో లోకల్ ఎక్కి విలే పార్లేలో దిగి ఆటో ఎక్కితే రాత్రి ఆటకి అందుకోవచ్చు. ఒకే రోజు రెండు రకాల ప్రేక్షకులు.

నారిమన్ పాయింట్ ఎన్సీపీఏ గురించి చెప్పడానికి నా దగ్గర తక్కువే ఉంది. 1969లో పెట్టిన సంస్థ, చక్కటి హాళ్ళు, చక్కటి ఏసీ. ఆట అయ్యాక సముద్రం పక్కన నడుచుకుంటూ వచ్చి చర్చిగేట్ దగ్గర రుస్తుం ఐస్‌క్రీం బిస్కెట్ల మధ్య పెట్టించుకుని తినడం బాగుంటుంది. నాటకం కంటే అదే గుర్తున్న రాత్రులున్నాయి.

ఇదంతా చూసి హైదరాబాద్‌కి తిరిగొచ్చాక వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఎవరైనా పుణె నుంచో బెంగుళూరు నుంచో తెలుగు నాటకం చూడ్డానికి రెండు రోజులు వస్తానంటే, నేను వాళ్ళకి ఏ ప్లాన్ వేసివ్వగలను?

మనకీ మరాఠీ వాళ్ళకీ నాటకంలో చుట్టరికం ఉంది, పాతదే. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ఆడి వెళ్ళాక, వాళ్ళు వేసిన పాకల్లోనే వీరేశలింగం తన విద్యార్థులతో నాటకాలు వేయించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి సమాజపు వనారస కుటుంబాలకి మరాఠీ మూలాలున్నాయి. వాళ్ళు ఊళ్ళో డేరా వేసుకుని నెలల తరబడి టికెట్ మీదే ఆడేవారు. పీసపాటి, షణ్ముఖి, ఈలపాట రఘురామయ్య లాంటివాళ్ళ పద్యాల కోసం డబ్బులిచ్చి తెల్లార్లూ కూర్చున్న తరం మన తాతలది. టికెట్ కొని నాటకం చూడ్డం మనకి రాని విద్యేం కాదు.

ఇప్పుడు మన ఆధునిక నాటకం ఎక్కువగా బతుకుతున్నది పరిషత్తుల్లో. పోటీ కోసం రాసిన, గంట అటూ ఇటూ నడిచే నాటిక. రోజుకి మూడో నాలుగో వరసగా. ముందు వరసలో న్యాయనిర్ణేతలు, వెనక వేరే సమాజాల నటులు. ప్రవేశం ఉచితం. పరిషత్తులు లేకపోతే ఈ కాస్త కూడా మిగిలేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ గంట నాటికలో ఇంటర్వెల్ ఉండదు, దాని తర్వాత పక్క సమాజం వాళ్ళ సెట్టు ఎక్కుతుంది. ప్రేక్షకుడు పాత్రతో కొట్లాడుకునే వ్యవధే లేదు. అందుకేనేమో చాలా నాటికల్లో ప్రశ్నా జవాబూ రెండూ రచయితే చెప్పేస్తాడు, చివరి ఐదు నిమిషాల్లో, కాస్త గొంతు పెంచి. జనం ఇంటికెళ్ళే దారిలో ఆలోచించుకుంటారన్న నమ్మకం రాతలో కనిపించదు.

ఇక నగరాల్లో వేసే పెద్ద నాటకాల సంగతి. ఆహ్వానంలో ఆరింటికి అని ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు. ఒకసారి ఊళ్ళోని ఒక హాల్లో తెర లేచేసరికి పావుతక్కువ ఎనిమిదైంది. నా పక్కనాయన మధుమేహం మనిషి, జేబులోంచి బిస్కెట్లు తీసి తింటూ కూర్చుని, కథ అసలు పట్టులో పడే వేళకి లేచి వెళ్ళిపోయాడు. నాటకం బాగుంది. ఆయనకి అది తెలిసే అవకాశం లేకుండా పోయింది. ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో తెలియని నాటకం చుట్టూ ఎవరూ భోజనం ప్లాన్ చేసుకోలేరు. భోజనం ప్లాన్ చేసుకోలేని చోటికి డయాబెటిక్ పెద్దలు, పసిపిల్లల తల్లులు, చివరి మెట్రో అందుకోవాల్సిన ఉద్యోగులు రారు. మిగిలేది ఎవరో మీకు తెలుసు. ఉచితం అన్న మాటలో ఉదారత ఉందనుకుంటాం గానీ, టికెట్ లేనప్పుడు ఆలస్యమైందని అడిగే హక్కు కూడా ప్రేక్షకుడికి ఉండదు.

బంజారాహిల్స్‌లో 'లామకాన్' ఉంది కదా అంటారు. ఉంది, 2010 నుంచీ. రాతి గోడల ఆవరణ, సమోసా, ఇరానీ చాయ్. సాయంత్రం నాటకమూ చాయ్ కలిసి ఉండొచ్చని ఆ చిన్న చోటు నిరూపించింది. కానీ నాకు అక్కడ తెలుగు నాటకం కంటే హిందీ, ఇంగ్లిష్‌వే ఎక్కువ తగిలాయి.

తెలుగు నాటకం అనగానే మనం తలుచుకునేది ఎలాగూ 'కన్యాశుల్కం'. 1892లో ఆడి, 1897లో అచ్చై, 1909లో తిరగరాసిన నాటకం. మొదటి అంకంలోనే ఒక పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకుని వస్తుంది. ఆమె అన్నం తింటూ, ఆమె డబ్బుతో షోకులు చేసేవాడే దాని నాయకుడు. ఏడంకాలూ ఆడలేక ఎవరికి తోచినట్టు వాళ్ళు కత్తిరించుకుంటారు. కత్తిరించేవాళ్ళు ఏ సీన్లు పోవాలా అని చూస్తారు తప్ప ఎక్కడ ఆపాలా అని ఆలోచించినట్టు కనబడదు. నన్నడిగితే లుబ్ధావధానుల పెళ్ళయిపోయి, ఆడవేషంలో ఉన్న శిష్యుడు ఇంట్లోంచి మాయమైన చోట లైట్లు వెయ్యాలి. పెళ్ళికూతురు ఏమైంది, డబ్బెవరిది, తప్పెవరిది అని జనం బయట వరసలో నిలబడి తగువు పడాలి. ఇరవై నిమిషాలు చాలు. వేడి మిరపకాయ బజ్జీలు పెడితే నేను రెండు ప్లేట్లు తీసుకుంటాను, టికెట్ వేరే.