గ్లూకోజు బొమ్మ చెప్పని సంగతి

మన రసాయనశాస్త్ర పాఠాలలో గ్లూకోజును సామాన్యంగా ఆరు కర్బన పరమాణువుల గొలుసుగా చూపుతారు. పిమ్మట ఒక షడ్భుజిని గీసి, మొదటి కర్బనంపై హైడ్రాక్సిల్ సమూహం క్రిందికి ఉంటే ఆల్ఫా, పైకి ఉంటే బీటా అని చెప్పి ముగిస్తారు. విద్యార్థి దానిని కంఠస్థం చేస్తాడు, మార్కులూ వస్తాయి. కాని ఈ బోధనలో రెండు లోపాలున్నవి.

మొదటిది, గొలుసుకు ఇచ్చే ప్రాధాన్యం. ఫెహ్లింగ్ ద్రావణంతో గ్లూకోజు జరిపే చర్యను వివరించడానికి ఆ బొమ్మ అవసరమే. అయితే నీటిలో ఒక శాతంలో పదోవంతు అణువులైనా ఆ రూపంలో ఉండవు. తక్కినవి దాదాపు అన్నీ వలయాలే: సుమారు 36 శాతం ఆల్ఫా, 64 శాతం బీటా. శుద్ధ ఆల్ఫా గ్లూకోజును నీటిలో కరిగిస్తే దాని విశిష్ట భ్రమణం +112 డిగ్రీల నుండి క్రమంగా తగ్గి +52.7 వద్ద నిలుస్తుంది. బీటాతో మొదలుపెడితే +18.7 నుండి పెరిగి అక్కడికే చేరుతుంది. గ్లూకోజు ద్రావణంలో భ్రమణం ఇట్లా మారడాన్ని 1846లో డుబ్రన్‌ఫో గమనించాడు. గొలుసు బొమ్మ ఒక్కటే దీనిని వివరించజాలదు.

రెండవ లోపం ఇంకా పెద్దది. 'పైన, క్రింద' అన్న భేదంవల్ల ఏమి జరుగుతుందో పాఠం చెప్పదు. కర్నూలు, కడప సీమల విద్యార్థికి ఉదాహరణ పొలంలోనే ఉన్నది. జొన్నగింజలోని పిండిపదార్థం ఆల్ఫా గ్లూకోజుతో ఏర్పడినది. అదే మొక్క చొప్పకు గట్టితనమిచ్చే సెల్యులోజు బీటా గ్లూకోజుతో ఏర్పడినది. ఆల్ఫా బంధాల గొలుసు మెలితిరుగుతుంది. మన జీర్ణరసాలు దానిని తెంపగలవు. బీటా బంధాల గొలుసులు తిన్నగా సాగి, ప్రక్కప్రక్కన చేరి బిగుసుకొంటాయి. వాటిని తెంపే ఎంజైము మనకు లేదు. ఎద్దు కడుపులోని సూక్ష్మజీవులకు ఉన్నది. కనుకనే రొట్టె మనకు, చొప్ప ఎద్దుకు. వానలు లేక గింజ పట్టని ఏడు, చొప్ప వామి ఎంత ఉన్నా మనిషి ఆకలి తీరదు. అందులో ఉన్నదీ గ్లూకోజే గదా!

ఉపాధ్యాయులు జొన్నపిండిపైన, ఆదోని ప్రత్తి దూదిపైన చెరొక అయొడిను చుక్క వేసి చూపవచ్చును. పిండి నల్లని నీలిరంగు పొందుతుంది. సెల్యులోజే అయిన దూదికి ఆ రంగు రాదు. తరువాత బంకమట్టి ఉండలతో, చీపురుపుల్లలతో వలయాన్ని కట్టించవలెను. అది బల్లపరుపు కాదనీ, కుర్చీవలె వంగి ఉంటుందనీ అప్పుడు తెలుస్తుంది. మొదటి కర్బనంపై ఉదజని, హైడ్రాక్సిల్ స్థానాలను తారుమారు చేయించినచో, కంఠస్థం చేసిన భేదం విద్యార్థికి చేతికి అందుతుంది.