కల్పితకథలందు నామకరణము: కళాపూర్ణోదయము

పుట్టిన శిశువునకుఁ బదవదినము పిమ్మట నుంచవలసిన పేరు ఘోషవర్ణాదియు, నంతస్థమధ్యమును, రెండో నాలుగో యక్షరములు గల కృదంతమును గావలెనని పతంజలి మహాభాష్యమునఁ జెప్పఁబడినది. లోకమునఁ బుట్టు బిడ్డ కీ నియమము చాలును. వాని గుణములు పెరిగినఁగాని తెలియవు. కవి కల్పించు పాత్రము మాట వేఱు. దాని తుద యెఱిఁగియే కవి పేరిడుచున్నాఁడు. మఱియు నలుఁడు, రాముఁడు మున్నగువారు చదువరికి ముందే పరిచితులు. అపూర్వకల్పనమునందు నామమే తొలి పరిచయము. కావున నట నామము నిర్నిమిత్తమగుట దోషమే.

16వ శతాబ్దివాఁడగు పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయ మిందులకు లక్ష్యము. దాని కథాసంవిధానము కట్టమంచి రామలింగారెడ్డిగారి కవిత్వతత్త్వవిచారము (1914) మొదలుగాఁ బెక్కు విమర్శలకు విషయమైనది. నామసంవిధానమును నంతటి పరిశీలనమున కర్హము.

శాలీనశబ్దమును బాణిని పంచమాధ్యాయమున నధృష్టుఁడను నర్థమున నిపాతించెను. సూరన శాలీనుఁ డట్టివాఁడే. అలంకరించుకొని వచ్చిన భార్యయెడ విముఖుఁడైన యతఁడు, నగలు వీడి తోఁటలో శ్రమించు నామె సహజశోభకు వశుఁడగును. ఆమె పేరు సుగాత్రి. ఆభరణములు తొలఁగినపుడు గదా యా పేరు సార్థకమగుట! కలభాషిణియే జన్మాంతరమున మధురలాలస. కలమనఁగా నవ్యక్తమధురధ్వని, దేహము మాఱినను మాధుర్యము పేరున నిలిచినది. ఈ కలశబ్దమును గళాపూర్ణునందలి కళాశబ్దముతోఁ గలపరాదని విద్యార్థులకుఁ జెప్పవలసియుండును.

శాలీనుఁడే పిదప మణిస్తంభుఁడు, సుగాత్రియే సుముఖాసత్తి. వీరు స్త్రీపురుషరూపములను మార్చుకొనఁగాఁ గళాపూర్ణునకు సుముఖాసత్తి తండ్రియు, మణిస్తంభుఁడు తల్లియు నైరి. స్తంభశబ్దము పుంలింగము, ఆసత్తిశబ్దము స్త్రీలింగము గదా, తండ్రికి స్త్రీలింగనామ మెట్లు పొసఁగునని యాక్షేపింపవచ్చును. శబ్దలింగము వేఱు, వస్తులింగము వేఱు. భార్యను జెప్పు దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకము. వానిని దోషమనువారు లేరు. పైఁగా నీ లింగవిరోధమే జరిగిన మార్పును జదువరికి మాటిమాటికి స్మరింపఁజేయుచున్నది. పేరు మార్చియుండినచో నీ చమత్కృతి చెడును.

అన్ని నామములు నిట్లు ఫలింపలేదు. మదాశయుఁడను పేరు మద, ఆశయములుగాను, మత్, ఆశయములుగాను విడఁదీయవచ్చును. సత్వదాత్ముఁడను పేరును స, త్వత్, ఆత్మ యని మూఁడుగా విఱుచుట కవకాశమున్నది. ఇవి పండితుల నలరించును. కాని పాత్రమునకుఁ బ్రాణము పోయవు. చిక్కు విప్పఁగనే నామముపని ముగియును. సుగాత్రినామ మట్లు కాదు. కథ సాగినకొలఁది దాని యర్థము పెరుగును.

నేఁడు గ్రహాంతరకథలను, విజ్ఞానకల్పనములను వ్రాయువారు వింతధ్వనులు గూర్చి పేర్లు కల్పించుట గలదు. అవి భాష్యోక్త డిత్థాదులవంటి యదృచ్ఛాశబ్దములు. వానికి వ్యుత్పత్తి యడుగరాదు. కాని వ్యుత్పత్తి లేని శబ్దమునకు వ్యవహారమే బలము. ఆ వ్యవహారమును గథయే కల్పింపవలెను. ఒక లోకమువారి పేర్లన్నియు నొకే వర్ణక్రమమునఁ బలుకునట్లైనను నుండవలెను. లేనిచో వింతయే మిగులును.

పేరు కథకు ముందే యంతయుఁ జెప్పివేయరాదు; కథ ముగిసినపిమ్మట నేమియుఁ జెప్పక యుండనురాదు. సూరన నామములలో మేలైనవి యీ రెండు నియమములకును నిలుచుచున్నవి.