ముక్క చల్లారేదాకా

సూరత్‌లోని ఆల్థాన్‌లో గది తీసుకుని పాండేసరాలో లేత్ పని నేర్చుకుంటున్న రోజులవి. పని నేర్పినాయన వరంగల్ వైపు టర్నర్. మగ్గాల పనికని సూరత్ చేరిన మనవాళ్ళ ఇంట్లో పుట్టినవాడు. షెడ్డులో అందరికీ మామే.

మే నెల, రేకుల కప్పు. 50 మి.మీ. ఉక్కు షాఫ్టు ఫినిష్ చేసి వెంటనే కొలిచాను. మైక్రోమీటర్ 50.010 చూపింది. బేరింగ్ బిగువుగా కూర్చునే కొలత. మర్నాడు పొద్దున బేరింగ్‌ని చేత్తో తోస్తేనే ఎక్కేసింది. మళ్ళీ కొలిస్తే 49.993.

"సల్లారకముందే కొలిచినవ్‌రా. అప్పుడది ఉబ్బి ఉండె," అన్నాడు మామ.

ఉక్కు డిగ్రీకి మీటరు పొడవున సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. నా షాఫ్టు మైక్రోమీటర్ కంటే ముప్పై డిగ్రీలు వేడిగా ఉన్నా చాలు, 17 మైక్రాన్లు తేడా వస్తుంది. నా బిగువంతా అక్కడే పోయింది.

ఈ గుణాన్ని మన కమ్మర్లు ఏనాడో పనిలో పెట్టుకున్నారు. బండి చక్రం కంటే కాస్త చిన్నగా ఇనుప పట్టా చేసి, పిడకల మంటలో బాగా కాల్చి, నలుగురూ పటకార్లతో పట్టి చక్రం మీదికి దించుతారు. నీళ్ళు పోయగానే బుస్సుమని ఆవిరి లేస్తుంది. పట్టా ముడుచుకుని ఆకులన్నిటినీ నడిమి కుండకేసి బిగించేస్తుంది. ఆ పట్టా ఎంత చిన్నగా ఉండాలో తెలియడమే కమ్మరి విద్య. ఎక్కువ చిన్నదైతే ఎక్కదు, తక్కువైతే బండి నాలుగు ఊళ్ళు తిరిగేలోపు ఊడుతుంది.

మరి ఏ వేడి దగ్గర తీసిన కొలత అసలు కొలత? 1889 నాటి ప్రామాణిక మీటరు కడ్డీ పొడవును మంచు కరిగే వేడి దగ్గర, అంటే 0 డిగ్రీల దగ్గర, లెక్కగట్టారు. అంత చలిలో పని చేసే షెడ్డు ఎక్కడుంటుంది? అందుకే 1931లో తూనికలు, కొలతల అంతర్జాతీయ కమిటీ పరిశ్రమలకు 20 డిగ్రీలు ఖాయం చేసింది. సూరత్ వేసవికి అదీ దూరమే. అయినా దిగులు లేదు. ముక్కా, మైక్రోమీటరూ రెండూ ఉక్కువై, రెండూ ఒకే వేడిలో ఉంటే రెండూ సమంగా పెరుగుతాయి. కొలత దాదాపు నిజమే చెబుతుంది. రెండింటి మధ్య తేడాయే ప్రమాదం.

మామ పద్ధతి అంతా ఆ తేడాను చంపడమే. రఫ్ కట్ అయ్యాక కొంచెం లోహం మిగిల్చి ముక్కను చల్లారనిస్తాడు. ఫినిష్ కట్‌కి కూలెంట్ ధారాళంగా పారిస్తాడు. ఆఖరి కొలతకు ముక్కనూ మైక్రోమీటర్‌నూ పోత ఇనుప సర్ఫేస్ ప్లేట్ మీద పక్కపక్కన పడుకోబెడతాడు. ఆ పలక వేడిని లాగేసుకుంటుంది. మైక్రోమీటర్‌ని ప్లాస్టిక్ అతికించిన చోటే పట్టుకుంటాడు, అరచేతి వేడి ఫ్రేమ్‌కి ఎక్కకుండా. చెయ్యి కాలకపోతే చల్లారినట్టేనని నేననుకునేవాణ్ణి. పది డిగ్రీల తేడాను కూడా వేళ్ళు సరిగ్గా పట్టలేవు.

అల్యూమినియం వచ్చిన రోజు ఆ ఓపిక కూడా చాల్లేదు. అది ఉక్కుకు రెండింతలు, డిగ్రీకి మీటరుకు సుమారు 23 మైక్రాన్లు, పెరుగుతుంది. 40 డిగ్రీల షెడ్డులో 100 మి.మీ. రోలర్. మామ లేత్ హెడ్‌స్టాక్ మీద సుద్దముక్కతో లెక్క వేసుకున్నాడు: మీటరుకు తేడా 11.5, డిగ్రీలు 20, ముక్క మీటరులో పదో వంతు, మొత్తం 23 మైక్రాన్లు. మైక్రోమీటర్ 100.023 చూపగానే టూల్ వెనక్కి తీశాడు.