కంచికి పోని కథలు

తెలుగునాట బిడ్డలకు చెప్పు కథలన్నియు తుదకు కంచికి చేరును; చెప్పినవారును విన్నవారును ఇంటికి చేరుదురు. నలువది సంవత్సరములుగా కోనసీమలో రేవులయొద్దను, కళ్ళములలోను, కొబ్బరితోటల కాపరుల పాకలముందును కూర్చుండి నేను విన్న దయ్యపు కథలలో మాత్రము కంచికి పోయినది ఒక్కటియు లేదు. అవి ఊరి పొలిమేర దాటవు. కథ ముగించినవాడు తలపాగ దులిపి లేచుచు, "పొద్దుపోయింది బాబూ, ఆ చింతచెట్టు దాటేదాకా యెనక్కి తిరిగి సూడకండి" అని ఒక్కమాట యనును. అంతటితో కథ అతని నోటినుండి మన కాళ్ళలోనికి దిగును. తక్కిన భాగము మనము ఇంటికి నడచునప్పుడు చీకటిలో జరుగును. వినువాని నడకనే తన చివరి ప్రకరణముగా చేసికొనగల కథనవిద్య మఱియొకటి నేనెఱుగను.

ఇట్టి విద్యపై చదువుకొన్నవారికి గల చులకన చూచినప్పుడు నా మనసు కలుక్కుమనును. దయ్యపు కథ యనగానే పెదవి విఱిచి, అది మూఢవిశ్వాసమనియు, చీకటికి జడియువారి వదరనియు తోసివేయుదురు. దయ్యములు ఉన్నవో లేవో తేల్చుట నా పని కాదు. కథ యున్నది, దానిని చెప్పుటలో తలపండిన వారున్నారు, వారి నేర్పు హరిదాసు నేర్పునకుగాని, బుఱ్ఱకథకుని నేర్పునకుగాని వీసమెత్తు తీసిపోదు. హరిదాసునకు చిడతలును గజ్జెలును గలవు. బుఱ్ఱకథకునకు తంబురాయు, ఇరుప్రక్కల వంతలును గలరు. మా పల్లెకథకునకు గలవి చీకటియు, ఒక చుట్టయు, ఊ కొట్టువాడును.

దీని ప్రాచీనతను గూర్చి పెద్దలు చెప్పుకొను ఐతిహ్యమొకటి చాలును. కాణభూతియను పిశాచమువలన విని గుణాఢ్యుడు బృహత్కథను పైశాచీభాషలో, తన నెత్తుటితో, ఏడు లక్షల గ్రంథముగా వ్రాసెనట. రాజు నిరాదరింపగా అడవిలో అగ్ని రగిల్చి, మృగములును పక్షులును కన్నీటితో వినుచుండగా, ఒక్కొక్క పత్రమే చదివి మంటలో వేసెనట. ఆఱు లక్షలు కాలిన పిమ్మట సాతవాహనుడు పరుగున వచ్చి మిగిలిన లక్షను దక్కించుకొనెనట. దయ్యపు నోట కథ విని వ్రాసికొన్న మొదటి సేకర్త గుణాఢ్యుడేయని నేను సగర్వముగా చెప్పుకొందును. పిదప మన కొఱవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికను తెలిగించెను. మధిర సుబ్బన్న దీక్షితులవారు కాశీమజిలీలలో అద్భుతములను రాశిపోసిరి. 1947లో పుట్టిన చందమామ, పాత బేతాళకథలు ఇరువదియైదును అయిపోయినను ఆగక, కొత్తవి కల్పించి దశాబ్దములపాటు ఆ శవమును విక్రమార్కుని భుజముమీదనే నిలిపెను. వారందఱికిని నమస్కారము. కాని నేను చింతచెట్టు పక్షమువాడను. బేతాళుడు పండితుడు, ధర్మసందేహము లడుగును. మా దయ్యము చుట్టకు నిప్పడుగును. ధర్మసందేహమునకు విక్రమార్కుడు సమాధానము చెప్పగలడు. నడిరేయి పుంతలో నిప్పడిగినవానికి ఏమి చెప్పవలెనో ఏ రాజునకును తెలియదు.

ఇక విద్య సంగతి. మంచి కథకుడు "అనగనగా" యని యెన్నడును ఎత్తుకొనడు. "మన పుంతలోనే, కాలవ మళ్ళేకాడ" అనును. ఆ కాలువ వినువారందఱును పగలు దాటివచ్చినదే. తరువాత తిథి చెప్పును. పోలాల అమావాస్య మఱునాడనియో, కుప్ప నూర్చిన రాత్రియనియో. పిమ్మట ఆ దారిని నడచినవాని చేతిలో నేమున్నదో చెప్పును. ఇది మిక్కిలి ముఖ్యము. ఎండుచేపల బుట్టయా, కూఁతురింటికి తీసికొనిపోవు అరిసెల డబ్బాయా? డబ్బాలో బొగ్గుముక్క వేసినారా, వేయలేదా? రాత్రివేళ తినుబండారము మోసికొనిపోవునప్పుడు బొగ్గో, ఇనుపమేకో, వేపరెమ్మో తోడుంచుట మా యిండ్లలో ఆచారము గనుక, బొగ్గు మఱచినాడన్న ఒక్కమాటతో కూర్చున్నవారి వెన్ను నిగుడును. దయ్యమింకను రాలేదు. అయినను కథ సగము నడచినది.

రెండవ నేర్పు పేరెత్తకుండుట. ప్రవీణుడైన కథకుడు దయ్యమను మాటను కథ తుదివఱకు దాచును. "అది" యనును, "గాలి" యనును, లేదా గడ్డముతో ఆ దిక్కు చూపి ఊరకుండును. మూడవది పొదుపు. అంతయు మామూలుగా నుండవలెను, ఒక్క లోపము తప్ప. కొత్తకోడలు వంట చేయుచున్నది. అత్త వాకిటినుండి చూచుచున్నది. పొయ్యి చక్కగా మండుచున్నది. కట్టెలమోపు మాత్రము కట్టిన కట్టు విప్పనే లేదు. అప్పుడు అత్త వంగి చూచును. పొయ్యిలో మండుచున్నవి ఆ పిల్ల కాళ్ళు. తెలుగుదేశమున ఈ కథ వినని పిల్లవాడుండడు. కాని విప్పని మోపును ముందు చూపి, కాళ్ళను వెనుక చూపువాడే కథకుడు. కాళ్ళను ముందుగా చూపువాడు వార్త చెప్పువాడు.

నేను చూచిన మహానుభావులలో ఇద్దఱిని తలంపక ముందునకు సాగలేను. మొదటివాడు గౌతమీతీరమున పడవ నడపిన వృద్ధ సరంగు. రాత్రి ఎవరైనను పిలిచినచో మూడవమాఱు పిలుచువఱకు పలుకరాదనుట మనవారి నియమము. మనిషియైనచో మూడుమాఱులు పిలుచును, మఱియొకటియైనచో పిలువలేదు. ఒకనాటి రాత్రి నది నడుమ గెడ వేయుచు, ఆవలి గట్టునుండి "ఓ తాతో, పడవ తే" యని రెండుమాఱులు పిలుపు విన్న పడవవాని కథ ఆయన చెప్పుచుండెను. రెండవ పిలుపు చెప్పి గెడ పైకెత్తెను. మఱి దింపలేదు, మాటయు ఆడలేదు. పడవ ప్రవాహమునకు మెల్లగా జరుగుచుండెను. గెడకొన నుండి నీటిబొట్లు పడుచుండెను. పడవలో నున్న పదునొకండుగురమును ఆ మూడవ పిలుపునకై ఆవలిగట్టువైపు చెవులు రిక్కించి, ఊపిరి బిగబట్టి కూర్చుంటిమి. ఎంతసేపో చెప్పలేను. తుదకాయన గెడ దింపి, "పిలవలేదు" అనెను. కథ అంతియే. నిశ్శబ్దమును అంతటి కథగా మలచిన శిల్పిని నేను ఏ రంగస్థలముమీదను చూడలేదు.

రెండవ యామె కొబ్బరిపీచు ఒలుచు వృద్ధురాలు. ఆ తరము పల్లెస్త్రీలు పలువురివలె ఆమెయు అడ్డపొగ త్రాగునది. చుట్టకొన నిప్పును నోటిలోపలి కుంచి, పొగ విడుచుచు, అట్లే మాటలాడునది. ఆ రాత్రి చెప్పినది కొరివిదయ్యము కథ. దూరపు చేలలో మండుచు ఆఱుచు తిరుగు ఆ వెలుగు చిత్తడినేలల వాయువని శాస్త్రజ్ఞులందురు, కానిండు. కళ్ళమున దీపము లేదు. ఆమె ముఖమే కానరాదు. మాట మాత్రము వినవచ్చుచుండెను. చేను కాచువాడు, ఆ వెలుగు మోయుచున్నదెవరో చూడవలెనని దగ్గఱకు పోయినాడట. చేతిలో దివిటీ లేదట, తలమీద కుంపటి లేదట. "మరి నిప్పేదీ అని అడిగాడు బాబూ. అదేమో..." అని ఆమె నోరు తెఱచెను. ఆ చీకటిలో, ఆమె నోటిలోపల, ఎఱ్ఱని నిప్పు కణకణలాడెను. పసివాండ్రు కెవ్వుమనిరి, పెద్దవాండ్రలో ఒకడు లేచి పరుగెత్తెను. ఆమె నోరు మూసికొని, ఏమియు జరుగనట్లు పీచు ఒలుచుకొనసాగెను. నాటకసమాజములవారు వేల రూపాయలు పోసి కొన్న దీపములు ఆ ముసలితల్లి చుట్టముక్క ముందు దివిటీముందరి దివ్వెలు గదా!

ఇట్టి కథలను సేకరింపబూనువారు మొదట నేర్వవలసినది అడుగు తీరు. "మీ ఊళ్ళో దయ్యాలున్నాయా?" యని యడిగినచో, "ఈ రోజుల్లో దయ్యాలేంటండీ" యని నవ్వి పంపుదురు. "ఈ దారిని రాత్రి పోవచ్చునా?" యని యడుగవలెను. దారి నడిగినచో కథ తనంతట వచ్చును. ధ్వనిముద్రణ యంత్రమును ఎదుట పెట్టినచో కథకుడు పంతులుగారి భాషలోనికి మాఱిపోవును; కనుక మొదటి రాత్రి ఉత్తచేతులతో పోయి, ఊ కొట్టి రావలెను. వ్రాయునప్పుడు యాసను దిద్దరాదు. ఎచ్చట ఆగినాడో, ఎచ్చట ఉమ్మివేసినాడో, ఏ దిక్కు చూచినాడో, వినువారెవరో, ఆ చెట్టు నేడున్నదో కొట్టివేసినారో వ్రాసికొనవలెను. కథాంశమును మాత్రమే వ్రాసికొనుట తేనెను విడిచి మైనమును తెచ్చుకొనుట వంటిది. జానపద గేయములకు నేదునూరి గంగాధరముగారును, బిరుదురాజు రామరాజుగారును దొరకిరి, పాట ధన్యమైనది. దయ్యపు కథకు అంతటి భాగ్యము పట్టలేదు.

దీని విలువ యెట్టిదో ఒక నూతి కథ నాకు నేర్పెను. ఒక ఊరిలో ఒక పాడునూతి దయ్యమును గూర్చి మూడు వీథులవారు మూడు విధముల చెప్పిరి. ఒక వీథిలో, నీళ్ళు తోడుచు కాలుజాఱి పడిన కోడలనిరి. రెండవ వీథిలో, తడిజుట్టుతో పెరటిగుమ్మమునకు వచ్చి అన్నమడుగుననిరి. మూడవ వీథిలో, ఎవరిని ఏమియు చేయదు, నూతిగట్టుమీద కూర్చుండి ఒక యింటివైపే చూచుచుండుననిరి. మూటిని ప్రక్కప్రక్క పెట్టి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆకలితో అలమటించిన ఒక ఆడుబిడ్డను గూర్చి ఏ కాగితమును పలుకని మాటను ఊరు దయ్యము పేరిట నిలుపుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది; వేలకొలది ప్రాణములు పోయినవి. ఆ సీమనుండి వచ్చిన కూలి యొకడు నాకు చెప్పిన కథలో దయ్యములు ఎవరిని బెదరింపవు. గాలి హోరెత్తిన రాత్రులలో, ఎవరెవరున్నారో తెలిసికొనుటకై, ఒకరినొకరు పేరుపేరున పిలుచుకొనును. దీనిని మూఢవిశ్వాసమని పెదవి విఱుచువారితో నాకు మాటలేదు.

అయితే ఒక హద్దు గలదు. దానిని దాటినవాడు నాకు శత్రువు. బాణామతియనియు చిల్లంగియనియు పేరుపెట్టి, బ్రతికియున్న నిస్సహాయులను చెట్టుకు కట్టి కొట్టి చంపిన ఘోరములు మన రాష్ట్రములలో జరిగినవి. అది హత్య, దానికి కథ ముసుగు వేయరాదు. చచ్చినవారిని గుర్తుంచుకొనుట కథ చేయు పని. బ్రతికినవారివైపు వ్రేలు చూపుట దాని పని కాదు. నేనెఱిగిన గొప్ప కథకులలో ఒక్కరును బ్రతికియున్నవారి పేరు చెప్పగా వినలేదు.

ఇక నకిలీల సంగతి చెప్పక తప్పదు. చలనచిత్రములు దయ్యమునకు తెల్లచీర కట్టి, జుట్టు విరబోసి, కాళ్ళకు గజ్జెలు కట్టినవి. నాటినుండి అన్ని దయ్యములకును అదే చీర, అవే గజ్జెలు. ఇప్పుడు చరవాణిలో గొంతుక బొంగురుచేసి, గుడ్లగూబ అఱపులు చేర్చి, "నిజంగా జరిగిన సంఘటన" యని బొంకుచు, పరదేశపు కథలకు మన ఊళ్ళ పేర్లు తగిలించి అమ్ముచున్నారు. వానిలో ఎచ్చట చూచినను ఒక పాడుపడిన బంగళా! మా దయ్యము లెన్నడు బంగళాలలో కాపురముండినవి? ఒకమాఱు సంకలనకర్త యొకరు సరంగు కథను నాయొద్ద వ్రాసికొనిపోయి, మూడవ పిలుపు కూడ పిలిపించి, దయ్యముచేత పడవ ముంచించి అచ్చొత్తించినారు. పుస్తకము మూసివేసి నేను ఆ పూట అన్నము ముట్టలేదు. అరచి బెదరించుట కుక్కయు చేయగలదు. ఆగి బెదరించుట విద్య. ఆ విద్యను హత్యచేసి, దాని శవమునకు గజ్జెలు కట్టి ఆడించుచున్నవారిని చూచి మనము చప్పట్లు కొట్టుచున్నాము!

సరంగు పోయినాడు. ఆయన దాటించిన రేవున నేడు వంతెన గలదు. రాత్రి పిలువవలసిన అవసరమెవరికిని లేదు. పీచు ఒలిచిన తల్లియు పోయినది. చింతచెట్లు రహదారి విస్తరణలో పోవుచున్నవి; చెట్టుతోపాటు చెట్టుమీది కథయు పోవుచున్నది. గుణాఢ్యుని అగ్నిలో నేటి పత్రములు పడుచున్నవి. పరుగున వచ్చు సాతవాహనుడు కానరాడు.

నేర్చిన విద్యను ఒకరికి చెప్పక దాచుకొని చచ్చినవాడు బ్రహ్మరాక్షసుడై రావిచెట్టు పట్టుకొని వ్రేలాడునని మా అమ్మమ్మ చెప్పెడిది. నాయొద్ద పందొమ్మిది నోటుపుస్తకములున్నవి. వానిలో సగము కథలు ఇంతవఱకు ఎవరికిని చెప్పలేదు. రాత్రివేళ రావిచెట్టు క్రిందుగా పోవునప్పుడు నన్ను పట్టు భయము ఈ యొక్కటే. కనుక చేతులు జోడించి అడుగుచున్నాను. మీ ఊరికి పోయినప్పుడు, ఒక్క అమావాస్య రాత్రి, దీపమార్పి, మీ యింటి పెద్దవారి ప్రక్కన చాపమీద కూర్చుండుడు. "ఈ దారిని రాత్రి పోవచ్చునా?" యని యడుగుడు. పిమ్మట మాటాడకుడు, ఊ కొట్టుడు.